పుట్టగానే ఆటో ఎక్కిన పిల్లలు: క్లెయిమ్‌ల డేటాలో రోగాల కోడ్‌లను సరిచేయడం

మా బృందం ఒకసారి కొన్నేళ్ల పాత ఆరోగ్య బీమా క్లెయిమ్‌ల ఫైలును శుభ్రం చేస్తున్నప్పుడు, పుట్టిన రోజునే ఆసుపత్రి బిల్లు పడిన పసిబిడ్డలు పెద్ద సంఖ్యలో మూడు చక్రాల వాహనంలో వెళుతూ ప్రమాదానికి గురైనట్లు నా నివేదికలో తేలింది. నేను దాన్ని గమనించకుండానే పైవారికి పంపించేసేవాణ్ని. పక్క కుర్చీలో కూర్చునే సీనియర్ కోడర్, అంటే రోగాలకు కోడ్‌లు రాసే మనిషి, నా తెర మీదికి తొంగిచూసి, “ఏటి తమ్ముడూ, నీ లెక్కలో గుంటలు పుట్టగానే ఆటో ఎక్కేస్తన్నారేటి?” అని అడగబట్టి ఆ నివేదిక విశాఖపట్నంలో రుషికొండ మీదున్న మా ఆఫీసు దాటకుండా ఆగింది. ఆవిడది సోంపేట దగ్గర పల్లె. బృందంలో అందరం అక్కా అనే పిలుస్తాం.

తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. అది అమెరికా క్లెయిమ్‌ల ఫైలు. ఆ దేశంలో 2015 సెప్టెంబరు 30 దాకా రోగాల వర్గీకరణకు ఐసీడీ అనే అంతర్జాతీయ జాబితా తొమ్మిదో సవరణను తమ అవసరాలకు మలచుకుని వాడారు. అక్టోబరు 1 నుంచి పదో సవరణకు మారారు. తొమ్మిదో సవరణలో వి30 అంటే కవలలు కాకుండా ఒక్కరుగా ప్రాణంతో పుట్టిన శిశువు. పదో సవరణలో వి30 నుంచి వి39 వరకు ఉన్నవి మూడు చక్రాల మోటారు వాహనంలో ఉన్నవారికి తగిలిన గాయాలు. నా దగ్గరున్న ఫైలు ఆ రెండు కాలాల మీదా విస్తరించి ఉంది, ఏ వరుస ఏ సవరణకు చెందుతుందో చెప్పే కాలమ్‌ను మధ్యలో ఎవరో అనవసరమని తీసేశారు, నేనేమో కోడ్‌లోని మొదటి మూడు అక్షరాలు తీసుకుని పదో సవరణ పట్టికలో వెదికి వర్గం పేరు తెచ్చిపెట్టమని ప్రోగ్రాము రాశాను. ప్రోగ్రాము చెప్పిన పని చెప్పినట్లే చేసింది. పట్టికలో దొరకని కోడ్ ఉంటే అది ఆగి అడిగేది. ఇక్కడ కోడ్ దొరికింది, అర్థమే వేరు.

కొనసాగే ముందు ఒక మాట. కోడ్‌లలో వచ్చే ఆంగ్ల అక్షరాలను ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. ఉదాహరణగా చూపించే వరుసలు పని రహస్యానికి భంగం కలగకుండా నేను కూర్చినవి. కోడ్‌ల అర్థాలు మాత్రం అసలైనవే.

ఈ జాబితా పుట్టుక గురించి కొంచెం తెలిస్తే దానితో వచ్చే తిప్పలు అర్థమవుతాయి. 1893లో జాక్ బెర్టియాన్ అనే ఫ్రెంచి గణాంకవేత్త మరణ కారణాలను లెక్కించడానికి ఒక వర్గీకరణను రూపొందించాడు. అదే సవరణల మీద సవరణలు పొంది, 1948లో ఆరో సవరణతో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతికి వచ్చింది. పదో సవరణకు 1990లో ఆమోదం లభించింది, పదకొండోది 2022 జనవరి 1న అమలులోకి వచ్చింది. చనిపోయినవారిని లెక్కించడానికి మొదలైన జాబితాను బతికి డిశ్చార్జి అయినవారి బిల్లులు చెల్లించడానికి వాడుతున్నాం. పైగా అమెరికావారి పదో సవరణ వేరు, మన దేశంలో క్లెయిమ్ ఫారాల మీద రాసే ప్రపంచ ఆరోగ్య సంస్థ పదో సవరణ వేరు. పేరు ఒకటే అయినా మన కోడ్‌లు పొట్టివి కావడంతో ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లలో అమెరికా కోడింగ్ నేర్చుకుని వచ్చిన పిల్లలు మన దేశపు క్లెయిమ్‌లు చూసినప్పుడు మొదటి వారం రోజులూ ఆసుపత్రులవారు కోడ్‌లు కత్తిరించి పంపుతున్నారనే అనుకుంటారు. పక్షవాతానికి ఐ64 అని రాసి ఉంటే చెల్లని కోడ్ అని ఎర్ర గుర్తు పెడతారు. అది అమెరికా పట్టికలో లేదు కానీ అసలు పట్టికలో ఉంది: రక్తస్రావం వల్లనో, రక్తనాళం మూసుకుపోవడం వల్లనో తేల్చి చెప్పని పక్షవాతం.

పసిబిడ్డల సంగతికి తిరిగి వస్తే, దానికి మందు తేదీలో ఉంది. ఆసుపత్రిలో చేరిన క్లెయిమ్‌కు డిశ్చార్జి అయిన తేదీయే ప్రమాణం: సెప్టెంబరు 28న చేరి అక్టోబరు 2న ఇంటికి వెళ్లిన మనిషికి పదో సవరణ కోడే ఉండాలి. ఔట్‌పేషెంట్ క్లెయిమ్‌కు సేవ అందిన తేదీ చూడాలి. అయితే తేదీ ఒక్కటే చూసి తీర్పు చెప్పడానికీ లేదు, ఎందుకంటే కార్మికుల పరిహారం వంటి కొన్ని రకాల బీమాలకు ఆ గడువు చట్టప్రకారం తప్పనిసరి కాలేదు, కాబట్టి గడువు దాటిన తరువాత కూడా పాత కోడ్‌లతో క్లెయిమ్‌లు కనిపించవచ్చు. అందుకని తేదీని బట్టి ఒక ఊహ, కోడ్ రూపాన్ని బట్టి ఇంకొక ఊహ వేరువేరు కాలమ్‌లలో రాసుకుని, రెండూ కలిసిన వరుసలనే ముందుకు పంపించాం. కలవని వరుసల్లో ఎక్కువ భాగం చుక్క పోయిన కోడ్‌లే. అమెరికాలో క్లెయిమ్‌లను కంప్యూటరు ద్వారా పంపేటప్పుడు కోడ్‌లోని చుక్కను పంపరు; చేరినచోట తిరిగి పెట్టుకోవాలి. ఇ880 అని ఉంటే, తొమ్మిదో సవరణలో అది మెట్ల మీది నుంచి పడిపోవడం. పదో సవరణ అనుకుని మూడో అక్షరం తరువాత చుక్క పెడితే ఇ88.0 అవుతుంది, అంటే రక్తంలోని ప్రోటీన్ల జీవక్రియలో లోపం. చుక్క పెట్టడం చాలా చిన్న పనిలా కనిపిస్తుంది కానీ, సవరణ ఏదో తేలకముందే పెట్టిన చుక్క ఒక నిర్ధారణ చేసినట్లే.

ఎక్సెల్ గురించి ఎంత చెప్పినా తక్కువే. ఏ ఆఫీసులోనైనా ఫైలు ఒక చేతి నుంచి ఇంకొక చేతికి వెళ్లేటప్పుడు ఎవరో ఒకరు దాన్ని ఎక్సెల్‌లో తెరిచి, చూసి, భద్రపరిచి మూస్తారు. ఆ మూసే క్షణంలో నష్టం జరిగిపోతుంది. తొమ్మిదో సవరణలో 038.9 అంటే రక్తంలో వ్యాపించిన ఇన్ఫెక్షన్; ముందున్న సున్నా రాలిపోతే 38.9 మిగులుతుంది, అది చికిత్సా పద్ధతుల పట్టికలో రక్తనాళంలో సూది గుచ్చడానికి సంబంధించిన వర్గం. 250.00 అంటే ఉపద్రవాలు లేని మధుమేహం, రెండో రకం లేదా రకం చెప్పనిది. చివరి అంకె 1 అయితే మొదటి రకం. ఎక్సెల్ దాన్ని ఒక సంఖ్య అనుకుని 250 చేసేస్తుంది. ఆ తరువాత ఆ గడిలో ఉన్న 250, ఎక్సెల్ తగ్గించిన 250.00నా, ఆసుపత్రివారే పూర్తి చేయకుండా వదిలిన 250నా అన్నది ఇక ఏ ప్రోగ్రామూ చెప్పలేదు. పదో సవరణలో కోడ్ అక్షరంతో మొదలవుతుంది కాబట్టి ఈ బాధ చాలావరకు తగ్గింది, కానీ పదకొండో సవరణతో మరో రూపంలో తిరిగి వచ్చింది. ఆ సవరణలో తీవ్రమైన వైరల్ హెపటైటిస్ కోడ్ 1ఇ50. మధ్యలో ఆ అక్షరాన్ని చూడగానే ఎక్సెల్ దాన్ని ఒకటి పక్కన యాభై సున్నాలున్న సంఖ్యగా మార్చిపెడుతుంది. పచ్చకామెర్లతో వచ్చిన రోగి కోడ్ గడిలో అంత పెద్ద సంఖ్య మొదటిసారి కనిపించిన రోజున, ఆ కాలమ్‌లోకి బిల్లు మొత్తం వచ్చి పడిందేమోనని నేను చాలాసేపు వేరేచోట వెతికాను. ఇప్పుడు మా దగ్గర నియమం ఒకటే: కోడ్ కాలమ్‌లను మొదటినుంచీ చివరిదాకా పాఠ్యంగానే చదవాలి, ఫైలును ప్రోగ్రాముతోనే తెరవాలి, చూడాలనిపిస్తే నకలు తీసుకుని చూడాలి.

దేశీయ క్లెయిమ్‌లలో బాధ వేరే రకం. మన బీమా క్లెయిమ్ ఫారంలో ఎ భాగాన్ని పాలసీదారు నింపుతాడు, బి భాగాన్ని ఆసుపత్రివారు నింపుతారు. ప్రధాన నిర్ధారణకు, అదనపు నిర్ధారణకు, ఇతర జబ్బులకు ఐసీడీ పది కోడ్‌లు రాయవలసినది ఆ బి భాగంలోనే. చాలా చిన్న ఆసుపత్రుల్లో దాన్ని నింపేది బీమా కౌంటరులో కూర్చునే ఉద్యోగి. డిశ్చార్జి సమ్మరీ చూసి, గోడకు అంటించుకున్న కాగితం మీద ఉన్న పదో పదిహేనో కోడ్‌లలో దగ్గరగా ఉన్నదాన్ని రాస్తాడు. అతన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు, ఎందుకంటే అతని ముందు పది మంది నిలబడి ఉంటారు. కోడ్ సరిగ్గా ఉన్నంత మాత్రాన డబ్బు త్వరగా రాదు, లేనంత మాత్రాన ఆగిపోదు. ఆ కాగితం మీది అంకెలను మరొకచోట మరొకరు కంప్యూటరులోకి ఎక్కిస్తారు. ఈ రెండు చేతులు మారేసరికి ఐ అక్షరం ఒకటి అంకెగా, ఓ అక్షరం సున్నాగా మారిపోవడం నిత్యకృత్యం. ఐ10 అంటే రక్తపోటు. అది 110 అయితే తొమ్మిదో సవరణ ప్రకారం తామర. ఓ80 అంటే సహజ ప్రసవం, ఓ82 అంటే సిజేరియన్; అవి 080, 082 అయితే మొదటిది పేల వల్ల వ్యాపించే టైఫస్ జ్వరం, రెండోది పిడుదుల వల్ల వచ్చే జ్వరాల వర్గం. పదకొండో సవరణ చేసినవారు ఈ బాధ ఎరిగి ఐ, ఓ అక్షరాలను కోడ్‌లలో వాడటమే మానేశారు. అది నాకు ఆ సవరణలో అన్నిటికంటే నచ్చిన విషయం.

ఇటువంటి తప్పులను ప్రోగ్రాముతో దిద్దించవచ్చా అంటే, దిద్దించవచ్చు, కానీ గట్టి కట్టుబాట్లతో. మేము ఒప్పుకున్న మార్పిడులు కొన్నే: ఓ అక్షరానికీ సున్నాకూ మధ్య, ఐ అక్షరానికీ ఒకటికీ మధ్య, జడ్‌కూ రెండుకూ మధ్య, ఎస్‌కూ అయిదుకూ మధ్య, బీకీ ఎనిమిదికీ మధ్య. మార్చగా వచ్చిన కోడ్ ఆ తేదీన ఆ పట్టికలో చెల్లాలి. మార్చడానికి రెండు దారులుంటే మార్చకూడదు. మార్చిన కోడ్‌కు అదే వరుసలోని వయసు, లింగం, రాతలో ఉన్న నిర్ధారణ సాక్ష్యం చెప్పాలి: 080 ఉన్నచోట ఇరవయ్యారేళ్ల స్త్రీ, ప్రసూతి వార్డు, మూడు రోజుల బస ఉంటేనే అది ఓ80 అవుతుంది. ఇంత చేసిన తరువాత కూడా అసలు రాతను ఒక కాలమ్‌లో చెక్కుచెదరకుండా ఉంచాలి, మార్చినదాన్ని మరో కాలమ్‌లో పెట్టాలి, ఏ నియమం వల్ల మార్చామో మూడో కాలమ్‌లో రాయాలి. మొదట్లో నేను పాత కాలమ్ మీదే కొత్త విలువ రాసేవాణ్ని. అలా దిద్దిన ఒక ఫైలులో నియమం తప్పని తేలినప్పుడు, ఏ వరుసలు నేను మార్చినవో, ఏవి ముందునుంచీ అలాగే ఉన్నవో తెలియక మొత్తం పనిని మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చింది.

రెండు పదాల మధ్య ఎన్ని అక్షరాల దూరం ఉందో లెక్కించే లెవెన్‌స్టైన్ పద్ధతిని కొందరు నేరుగా కోడ్‌ల మీద వాడతారు. ఇది ఊరి పేర్లకూ, మందుల పేర్లకూ పనికివస్తుంది, కోడ్‌లకు పనికిరాదు. ఇ10, ఇ11 మధ్య దూరం ఒక్కటే అక్షరం, మొదటిది ఇన్సులిన్ లేకుండా బతకలేని మొదటి రకం మధుమేహం, రెండోది పెద్ద వయసులో ఎక్కువగా వచ్చే రెండో రకం. పేర్ల లోకంలో పక్కపక్కనున్నవి తరచుగా ఒకే మనిషివి. కోడ్‌ల లోకంలో పక్కపక్కనున్నవి దాదాపు ఎప్పుడూ వేరువేరు జబ్బులు. ఆ పద్ధతిని మేము వర్ణనల మీద మాత్రమే వాడతాం, అక్కడ కూడా పొడి అక్షరాల పదాలకు వాడం.

పొడి అక్షరాల సంగతి ఒక ప్రత్యేక అధ్యాయం. ఆర్‌టీఏ అని డిశ్చార్జి సమ్మరీలో ఉంటే మన ఊళ్లో నూటికి తొంభై తొమ్మిది మంది రోడ్డు ప్రమాదం అనే చదువుతారు, హనుమంతవాక కూడలి చూసిన ఎవరికైనా అదే తోస్తుంది. మూత్రపిండాల వైద్యుడి చేతి రాతలో మాత్రం అది మూత్రపిండ నాళికల లోపం వల్ల రక్తంలో ఆమ్లం పెరగడం కావచ్చు. ఎంఐ అంటే గుండెపోటు, గుండె కవాటాల వైద్యుడు రాస్తే మైట్రల్ కవాటం సరిగా మూసుకోకపోవడం. పాత తరం వైద్యులు క్షయ అని సూటిగా రాయడానికి ఇష్టపడక కాక్స్ అని రాస్తారు. హెచ్‌ఐవీకి ఆర్‌వీడీ అని రాస్తారు. రోగి మర్యాద కాపాడటానికి పుట్టిన ఆ మాటలను ప్రోగ్రాము అచ్చుతప్పుగా భావిస్తుంది. కే/సీ/ఓ అంటే ముందునుంచీ ఉన్నట్లు తెలిసిన జబ్బు. దాని వెనక వచ్చే షుగరు, బీపీ ఈసారి చేరిన కారణాలు కావు. వీటికోసం మేము ఒక నిఘంటువు కూర్చుకున్నాం, ప్రతి పొడి మాటకూ ఏ విభాగం వైద్యుడు రాస్తే ఏ అర్థమో పక్కన రాసి. అందులో సగం అక్క నోటినుంచి వచ్చినవే. ప్రశ్నార్థకం గురించి కూడా ఆవిడే హెచ్చరించింది. వైద్యుడు డెంగీ మాట ముందు ప్రశ్నార్థకం పెడితే, అనుమానం ఉంది అని అర్థం. నా మొదటి ప్రోగ్రాము అక్షరాలు, అంకెలు కాని గుర్తులన్నిటినీ తుడిచేసింది. దాంతో అనుమానాలన్నీ నిర్ధారణలయ్యాయి. ఐసీడీ పది అసలు పట్టికలో కోడ్‌ల పక్కన ఉండే కత్తి గుర్తు, నక్షత్రం గుర్తు కూడా అలాగే పోయాయి. ఇ11.2 పక్కన కత్తి, ఎన్08.3 పక్కన నక్షత్రం ఉంటే మొదటిది మూలమైన మధుమేహం, రెండోది దానివల్ల మూత్రపిండంలో కనిపించిన రూపం, నక్షత్రమున్నది ఎప్పుడూ ఒంటరిగా ప్రధాన నిర్ధారణ కాకూడదు. అమెరికా కోడ్‌లలో స్థానాన్ని నింపడానికి పెట్టే ఎక్స్ అక్షరాన్ని చెత్త అనుకుని తీసేసినవారినీ చూశాను; కింద పడినట్లు చెప్పే డబ్ల్యూ19.ఎక్స్‌ఎక్స్‌ఎక్స్‌ఎ అన్న కోడ్‌లో మధ్యనున్న ఎక్స్‌లు తీసేస్తే చివరి ఎ వచ్చి తనది కాని స్థానంలో కూర్చుంటుంది.

ఇంతవరకూ చెప్పినవి తప్పులు. అసలు కష్టం తప్పులు కానివాటిని తప్పులనుకోకుండా ఉండటంలో ఉంది. నగదు రహిత చికిత్సకు ముందస్తు అనుమతి అడిగేటప్పుడు ఆసుపత్రి ఒక తాత్కాలిక నిర్ధారణ పంపుతుంది, డిశ్చార్జి నాడు తుది నిర్ధారణ పంపుతుంది. మొదటిదానిలో ఆర్50.9, అంటే కారణం తెలియని జ్వరం, రెండోదానిలో ఎ90, అంటే డెంగీ ఉంటే, ఆ రెండూ పొసగడం లేదని గుర్తు పెట్టే తనిఖీని నేను చాలా ఉత్సాహంగా రాశాను. వానాకాలపు క్లెయిమ్‌లలో మూడో వంతుకు ఎర్ర గుర్తు పడింది. రక్తపరీక్ష ఫలితం రావడానికి ముందు వైద్యుడు జ్వరమని కాక ఇంకేమని రాస్తాడు? అది జబ్బు బయటపడిన క్రమం. ఇప్పుడు ఆ తనిఖీ అస్పష్టమైనదాని నుంచి స్పష్టమైనదానికి వెళ్లిన జతలను వదిలేస్తుంది, స్పష్టమైనదాని నుంచి మరో అవయవానికి దూకిన జతలను మాత్రమే ఆపుతుంది. 2020 క్లెయిమ్‌లదీ ఇదే తీరు. యు07.1 పరీక్షలో వైరస్ తేలిన కోవిడ్, యు07.2 పరీక్షలో తేలకపోయినా లక్షణాలను బట్టి వైద్యుడు నిర్ధారించినది. రెండోది అమెరికా పట్టికలో లేదు. రెంటినీ కలిపేస్తే లెక్క సులువవుతుంది, కానీ స్కాన్‌లో ఊపిరితిత్తులు నిండిపోయి, ముక్కు పరీక్షలో ఏమీ లేదని వచ్చినవారు ఒక గుంపుగా ఆ ఫైలులో ఉన్నారన్న సంగతే మాయమవుతుంది.

అమెరికా ఔట్‌పేషెంట్ క్లెయిమ్‌లలో అనుమానమున్న జబ్బును జబ్బుగా కోడ్ చేయకూడదన్న నియమం ఉంది. ఆసుపత్రిలో చేరినవారికి మాత్రం డిశ్చార్జి నాటికి కూడా అనుమానంగానే మిగిలినదాన్ని ఉన్నట్లుగానే కోడ్ చేయవచ్చు. అందుకే పరిశోధకులు ఒక మనిషికి మధుమేహం ఉందనడానికి ఒక ఇన్‌పేషెంట్ క్లెయిమో, వేరువేరు తేదీల్లో రెండు ఔట్‌పేషెంట్ క్లెయిమ్‌లో అడుగుతారు. ఇది వివేకమైన పద్ధతి, ఇంతకుమించి దాని గురించి చెప్పేదేమీ లేదు.

పట్టిక కూడా కాలంతోపాటు కదులుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పదో సవరణ పాత ముద్రణల్లో తేల్చి చెప్పని అపెండిసైటిస్ కె35.9, తరువాత దాన్ని తీసేసి కె35.8 పెట్టారు. డెంగీకి ఎ90, ఎ91 ఉండేవి. తరువాత ఎ97 కింద హెచ్చరిక లక్షణాలు ఉన్నది, లేనిది, తీవ్రమైనది అని విడదీశారు. ఒక ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ పాత పట్టికతోనూ, ఇంకొకటి కొత్త పట్టికతోనూ నడుస్తుంటే, ఒకే వీధిలోని రెండు ఆసుపత్రులు ఒకే జ్వరానికి వేరే కోడ్‌లు పంపుతాయి. వీటికి జత కలిపే పట్టికను మేమే చేతితో రాసుకున్నాం, ఇద్దరు కోడర్లు విడివిడిగా రాసి, తరువాత పోల్చి, తేడా వచ్చినచోట మూడో మనిషిని అడిగి. పాత కోడ్ నుంచి కొత్తదానికి వెళ్లే దారి కొన్నిచోట్ల ఒకటి కాదు, మూడు. అటువంటిచోట పైస్థాయిలోనే ఆగిపోయాం: ఎ90ని బలవంతంగా ఎ97.0 చేయకుండా, డెంగీ అన్న వర్గం దగ్గరే వదిలాం. రాసినవాడు చెప్పని వివరాన్ని శుభ్రం చేసేవాడు చేర్చకూడదు.

ఇదంతా ఒక ఎత్తు, ఉద్దానం క్లెయిమ్‌లు ఒక ఎత్తు. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల కొబ్బరి, జీడి తోటల మధ్య ఉన్న ఈ ఉద్దానం ఊళ్లలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి అసాధారణంగా ఎక్కువ. నీటిలోని సిలికా, పురుగుమందులు, ఎండలో చేసే కాయకష్టం అంటూ ఎన్నో కోణాల్లో పరిశీలించారు, కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. అక్కడివారు తరతరాలుగా విశాఖపట్నం వస్తున్నారు; కేజీహెచ్ ఆసుపత్రి మెట్ల దగ్గర వారి సంచులు, చాపలు చూడని మనిషి ఈ ఊళ్లో ఉండడు. ఆ ప్రాంతపు పిన్‌కోడ్‌లున్న క్లెయిమ్‌లలో మూత్రపిండ రోగులు ఎంతమందో తేల్చమన్నారు. వినడానికి సులువైన ప్రశ్న.

దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి వర్గమైన ఎన్18తో మొదలయ్యే కోడ్‌లన్నీ లెక్కిస్తే చాలనుకున్నాను. ఎన్18.9 అని కొందరు, అంటే దశ చెప్పనిది. ఎన్18.5 అని కొందరు, అయిదో దశ. ఎన్18.6 అని కొందరు, అది అమెరికా పట్టికలో మాత్రమే ఉన్న చివరి దశ కోడ్, అమెరికా క్లెయిమ్‌లు కూడా చేసే చోటి నుంచి తెచ్చుకున్న సాఫ్ట్‌వేర్ వల్ల వచ్చి ఉండాలి. ఎన్18.0 అని కొందరు, అది పాత ముద్రణలో చివరి దశ. ఎన్19 అని కొందరు, అంటే తీవ్రమైనదో దీర్ఘకాలికమైనదో కూడా చెప్పని మూత్రపిండ వైఫల్యం. వీటన్నిటినీ ఒక గొడుగు కిందికి తేవడం కష్టం కాదు. కష్టం అక్క చూపించేదాకా నాకు కనిపించలేదు. డయాలసిస్ క్లెయిమ్‌లలో ప్రధాన నిర్ధారణ గడిలో జడ్49.1 ఉంది; అది యంత్రం మీద రక్తం శుద్ధి చేయించుకోవడానికి వచ్చినట్లు చెప్పే కోడ్. బిల్లు చేసే మనిషి దృష్టిలో ఆ రోజు జరిగింది అదే, అతను సరిగ్గానే రాశాడు. వ్యాధి కోడ్ రాయవలసిన రెండో గడిని ఖాళీగా వదిలేశాడు. దాంతో వారానికి రెండుసార్లు, మూడుసార్లు వచ్చే రోగులు, అంటే అందరికంటే జబ్బు ముదిరినవారు, నా లెక్కలోంచి పూర్తిగా జారిపోయారు. “నువ్వు లెక్కపెట్టినోళ్లు ఇంకా నడిచి తిరుగుతున్నోళ్లు, తమ్ముడూ. మిషను మీద పడుకున్నోళ్లు ఏరీ?” అని అడిగింది. ఆవిడ ఇంట్లోనే మిషను మీద పడుకున్న మనిషి ఒకరు ఉండేవారని నాకు తరువాత తెలిసింది.

రెండో చిక్కు ఇంకా సూక్ష్మమైనది. అమెరికా కోడింగ్ నియమాల ప్రకారం ఒకే రోగికి రక్తపోటు, దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి రెండూ ఉంటే, సంబంధం లేదని వైద్యుడు స్పష్టంగా రాయనంతవరకు, రక్తపోటు వల్లనే మూత్రపిండం పాడయిందని భావించి ఐ12 వర్గంలో కోడ్ చేయాలి. మధుమేహం విషయంలోనూ అంతే. మూత్రపిండం దెబ్బతిన్న తరువాత రక్తపోటు పెరగడం సాధారణం, కాబట్టి చివరి దశ రోగుల్లో ఎక్కువమంది డిశ్చార్జి సమ్మరీలో హెచ్‌టీఎన్ అన్న మూడక్షరాలు తప్పక ఉంటాయి. అమెరికా పని అలవాటున్న మా ప్రోగ్రాములో ఆ నియమం ముందే రాసిపెట్టి ఉంది. అది ఉద్దానం ఫైలు మీద నడిచేసరికి, ఇన్నేళ్లుగా కారణం తెలియదని శాస్త్రజ్ఞులు చెబుతున్న వ్యాధికి ఒక్క రాత్రిలో కారణం దొరికింది: అందరికీ బీపీయే. ఎంతో శుభ్రంగా, ఒక్క ఖాళీ కూడా లేకుండా ఉన్న ఆ కాలమ్‌ను చూసి మొదట సంతోషించానని ఒప్పుకోవాలి.

ఐసీడీ పదిలో బాల్కన్ నెఫ్రోపతీ అనే వ్యాధికి ఎన్15.0 అని సొంత కోడ్ ఉంది, డాన్యూబ్ ఉపనదుల వెంట ఉన్న కొన్ని పల్లెల్లో కనిపించే మూత్రపిండ వ్యాధి అది. ఉద్దానానికి అటువంటి సొంత కోడ్ ఆ పట్టికలో లేదు. కాబట్టి మన రోగులు ఎన్18లోనో, ఐ12లోనో, ఇ11.2లోనో పంచుకుని సర్దుకోవలసిందే, రాసే మనిషి అలవాటును బట్టి.

మధుమేహం ఉపద్రవాలు లేని ఇ11.9గా ఉంటుందా, మూత్రపిండం దెబ్బతిన్న ఇ11.2గా ఉంటుందా అన్నది చిన్న తేడాగా అనిపించవచ్చు. రోగి ఎంత ప్రమాదంలో ఉన్నాడో అంచనా కట్టడానికి 1987లో ప్రతిపాదించిన చార్ల్‌సన్ సూచికలో ఉపద్రవాలు లేని మధుమేహానికి ఒక పాయింటు, అవయవాలు దెబ్బతిన్న మధుమేహానికి రెండు. ఒక మోస్తరు లేదా తీవ్రమైన మూత్రపిండ వ్యాధికి మరో రెండు. కోడ్‌లో చివరి అంకెను మనం ఊహతో నింపితే, ఆ ఊహ అంకెలుగా మారి, ఆసుపత్రుల పోలికలోకీ, ప్రీమియం లెక్కలోకీ చేరుతుంది, అక్కడ దాన్ని ఎవరూ ఊహగా గుర్తుపట్టరు.

చివరకు ఉద్దానం ఫైలును మూడు కాలమ్‌లుగా విడదీశాం. ఒకదానిలో మూత్రపిండ వ్యాధి ఉన్నదా లేదా అన్నది, డయాలసిస్ కోడ్‌లనూ, ఎన్19నూ కలుపుకుని. రెండోదానిలో దశ, రాసి ఉన్నచోట మాత్రమే. మూడోది కారణం, అందులో వైద్యుడు స్వయంగా మధుమేహం వల్ల అనో, రక్తపోటు వల్ల అనో రాసిన వరుసలను నింపి, కేవలం రెండు జబ్బులు పక్కపక్కన ఉన్న వరుసలను నింపలేదు. అడిగినవారికి ఇది నచ్చలేదు. కారణం కాలమ్ సగానికి పైగా ఖాళీగా ఉన్న ఫైలును శుభ్రమైన ఫైలని ఎలా అంటారని ప్రశ్నించారు, కనీసం ఇతరములు అనైనా పెట్టమన్నారు. ఇతరములు అంటే తెలిసిన కారణాలు కాక మరొకటి అని అర్థం వస్తుంది, ఇక్కడ ఉన్నది తెలియకపోవడం అని నేను రెండు ఉత్తరాలు రాశాను. అక్క ఉత్తరాలు రాయలేదు. ఖాళీ గడులన్నిటిలోనూ తెలుగులో ఒకే మాట నింపింది, ‘అడగాలి’ అని. ఫైలు అప్పగించిన రోజున కూడా ఆ మాట ఆ గడుల్లో అలాగే ఉంది. నాకు తెలిసినంతలో ఇప్పటికీ ఎవరూ దాన్ని మార్చలేదు.